కింది పొర ఒప్పుకుంటేనే

మోడళ్లకు రంగులు వేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఏ కంపెనీ రంగు కొనాలండీ?" జవాబు చెప్పొచ్చు. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ సీసాలో ఉన్నది దేనిలో కరుగుతుంది? నీళ్లలోనా, స్పిరిట్‌లోనా, టర్పెంటైన్‌లోనా, ఎన్‌సీ తిన్నర్‌లోనా? ఈ సంగతి తెలిస్తే ఏ కంపెనీ సరుకుతోనైనా పని నడుస్తుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన సీసా కొన్నా ఇవాళ కాకపోతే రేపు బొమ్మ పాడవుతుంది.

నా బొమ్మ పాడైన రోజు నాకు బాగా గుర్తు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్‌ను ప్లాస్టిక్ షీటు కోసి హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87లో కట్టాను. అసలు వ్యాగన్ పదిన్నర మీటర్ల పైచిలుకు ఉంటుంది, నా బల్ల మీదిది దాదాపు 12 సెంటీమీటర్లు. పక్క గోడల మీది నిలువు పట్టీలు అతికించడానికే రెండు ఆదివారాలు పట్టాయి. రెడ్ ఆక్సైడ్ ఛాయ ఆక్రిలిక్ రంగు వేస్తే ముచ్చటగా కుదిరింది. ఇక పట్టీల పక్కన మసి పేరుకున్నట్టు కనబడాలి. నల్ల ఎనామిల్‌ను పల్చగా కలిపి కుంచెతో పారించాను. కలిపింది మాత్రం హార్డ్‌వేర్ షాపులో కొన్న, ల్యాకర్‌కు వాడే ఎన్‌సీ తిన్నర్‌తో. టర్పెంటైన్ అయిపోయింది, ఇదీ తిన్నరే కదా అనుకున్నాను. అర నిమిషంలో గోడ మీది రంగు కాగిన పాల మీది మీగడలా ముడతలు పడింది. కంగారుపడి తుడవబోతే రంగు ఊడొచ్చింది, దాని కింది ప్లాస్టిక్ జిగురెక్కింది, రెండు పట్టీలు పక్కకు జరిగాయి.

తప్పు రంగుది కాదు, తిన్నర్‌దీ కాదు. ఆ రెంటికీ పొత్తు కుదురుతుందో లేదో అడగని నాది.

సీసాలో ఏముంది?

ఏ రంగులోనైనా ప్రధానంగా మూడు సరుకులుంటాయి. రంగునిచ్చే పొడి, ఆ పొడిని బొమ్మకు పట్టి ఉంచే బంక, రెంటినీ పారేలా చేసే ద్రవం. మనం కళ్లతో చూసి కొనేది పొడిని. బొమ్మ మీద జరిగే గొడవలన్నీ బంకకూ ద్రవానికీ సంబంధించినవి.

ల్యాకర్ ఆరడమంటే దానిలోని ద్రవం ఎగిరిపోవడమే, అంతకు మించి ఏమీ జరగదు. అందుకే నిమిషాల్లో గట్టిపడుతుంది. అందుకే ఎన్నాళ్ల తర్వాతైనా అదే తిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. జపాన్ నుంచి వచ్చే మిస్టర్ కలర్, తమియా ఎల్‌పీ వరస ఈ జాతివి. ఎనామిల్ ముందు ద్రవాన్ని వదులుతుంది, తర్వాత గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ రోజుల తరబడి లోలోపల గట్టిపడుతుంది. ఇంగ్లండ్ వాళ్ల హంబ్రోల్ చిన్న డబ్బాలు ఇందుకు పాత ఉదాహరణ. చిత్రకారుల ఆయిల్ రంగు ఇంకా నిదానం. దానిలో బంకగా ఉండే అవిసె నూనె ఎగిరిపోయేది కాదు, అది గాలితో కలిసి తానే గట్టిపడాలి. నీళ్ల ఆక్రిలిక్‌లో, ఉదాహరణకు స్పెయిన్ వాళ్ల వలేహో మోడల్ కలర్‌లో, నీరు వెళ్లిపోగానే బంక కణాలు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఒకసారి పొర కట్టాక నీళ్లు దాన్ని ఏమీ చేయలేవు. స్పిరిట్ మాత్రం చేస్తుంది. చేతికి రాసుకున్న శానిటైజర్ తడి ఆరకుండా బొమ్మను పట్టుకుంటే వేలిముద్ర శాశ్వతంగా మిగిలిపోతుంది. బొమ్మల మీది పాత ఆక్రిలిక్‌ను ఊడదీయడానికి డెటాల్ వాడేవాళ్లూ ఉన్నారు.

తమియా ఆక్రిలిక్‌ది మరో దారి. పేరు ఆక్రిలిక్కే, నీళ్లతో పల్చన చేయొచ్చు కూడా, కానీ స్వభావం స్పిరిట్ వైపు మొగ్గుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హాయిగా కలుస్తుంది, ఎయిర్‌బ్రష్‌లో చక్కగా పారుతుంది. ఆరిపోయాక కూడా అదే ఆల్కహాల్ తగిలితే లేచొస్తుంది.

లేబుల్ విషయంలో ఒక హెచ్చరిక. తమియాలో ఎక్స్‌ఎఫ్-1 అంటే మాట్ నలుపు. ఆ నంబరుతో ఆక్రిలిక్ సీసా ఉంది, అదే నంబరుతో ఎనామిల్ సీసా కూడా ఉంది. ఎనామిల్ తిన్నర్ పేరు ఎక్స్-20, ఆక్రిలిక్ తిన్నర్ పేరు ఎక్స్-20ఏ. ఆ చివరి అక్షరం మీద కళ్లజోడు లేకుండా నమ్మకం పెట్టుకోకండి. వాష్, అంటే పల్చగా కలిపి మూలల్లోకి పారించే రంగు, ఆ మాట కూడా ఇంతే. నీళ్లతో చేసిన వాష్ ఉంది, ఎనామిల్ వాష్ ఉంది. ఏకే ఇంటరాక్టివ్, అమ్మో లాంటి స్పెయిన్ కంపెనీలు ఎనామిల్ సరుకూ అమ్ముతాయి, నీళ్ల సరుకూ అమ్ముతాయి. వలేహో మోడల్ వాష్, సిటడెల్ షేడ్ నీళ్లవి. తమియా ప్యానెల్ లైన్ యాక్సెంట్ కలర్ ఎనామిల్. నేను కొన్న ప్రతి సీసా మూత మీదా పర్మనెంట్ మార్కర్‌తో ఒక అక్షరం రాస్తాను: ల్యా, ఎ, ఆ, నీ. అందం చెడుతుంది, బొమ్మ మిగులుతుంది.

పొరల వరస

మామూలుగా పనికొచ్చే క్రమం ఇది. అడుగున ల్యాకర్, దాని మీద ఆక్రిలిక్, దాని మీద ఎనామిల్ లేదా ఆయిల్, అన్నిటికీ పైన పొడులు. తలకిందులు చేస్తే చిక్కు. ఆక్రిలిక్ మీద ల్యాకర్‌ను ధారాళంగా పోస్తే ముడత పడే ప్రమాదముంది. ఆరీ ఆరని ఎనామిల్ మీద ల్యాకర్ అంటే కోరి కొరివితో తల గోక్కోవడమే. అదే బాగా ఆరిన ఆక్రిలిక్ మీద, ల్యాకర్ మీద టర్పెంటైన్ వాష్ పారితే సాధారణంగా ఏమీ కాదు. టర్పెంటైన్‌కు వాటిని కరిగించే బలం లేదు. అలాగని గట్టి కుంచెతో రుద్దితే అరిగిపోవని కాదు.

మన కొండపల్లి బొమ్మ చేసేవాళ్లకు ఈ వరస ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. తెల్ల పొణికి చెక్క మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు కుదిర్చి, సున్నం పూత వేసి, అది ఆరాకే రంగుకు దిగుతారు. చెక్కకూ రంగుకూ మధ్య ఆ తెల్ల పూత చేసే పనినే మనకు ప్రైమర్ చేస్తుంది.

పాత ఇంగ్లిష్ మోడలింగ్ పుస్తకాలు చదివితే ఒక అనుమానం వస్తుంది. వాష్‌కు ముందు వారం రోజులు ఆగమని వాటిలో ఉంటుంది, ఇప్పటివాళ్లు మర్నాడే మొదలుపెట్టేస్తారు. ఎవరు నిజం? ఇద్దరూ నిజమే. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్, అమెరికాకు చెందిన షెపర్డ్ పెయిన్ లాంటివాళ్లు 1970, 80 దశకాల్లో వాష్‌నూ, దాదాపు పొడి కుంచెతో అంచులు రుద్దే డ్రై బ్రష్‌నూ ఇంటింటి విద్యగా మార్చారు. అప్పట్లో మోడల్ రంగంటే చాలామందికి ఎనామిలే. ఎనామిల్ మీద టర్పెంటైన్ వాష్ అంటే ఒకే జాతి ద్రవం రెండోసారి వచ్చి తలుపు తట్టడం. కింది పొర లోపలి దాకా గట్టిపడకపోతే తలుపు తెరుచుకుంటుంది. అందుకే వారం. కింద ఆక్రిలిక్ ఉంటే ఒక రోజు చాలు. పుస్తకంలో చెప్పిన గడువు పాటించే ముందు ఆ రచయిత ఏ రంగు మీద పని చేశాడో చూడండి.

ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ బల్ల దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. ఎనామిల్ ఆరిందా లేదా తేల్చడానికి నా ముక్కు కంటే మంచి పరికరం నాకు దొరకలేదు. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా రంగు వాసన వస్తోందా? అయితే ఆరలేదు. వేలికి అంటకపోవడం వేరు, ఆరడం వేరు.

ఆగే ఓపిక లేకపోయినా, కింద ఏ రంగుందో తెలియకపోయినా మధ్యలో వార్నిష్ గోడ కట్టండి. నిగనిగలాడే ఆక్రిలిక్ గ్లాస్ వార్నిష్ రెండు పల్చటి పూతలు, ఒక రోజు విరామం. వాష్ బెడిసికొడితే వార్నిష్ దాకా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత. మనం ఎలాగూ అడుసు తొక్కడానికే కూర్చున్నాం కనుక కాలికి చెప్పులైనా వేసుకుందాం.

నునుపా, గరుకా?

వార్నిష్ చేసే రెండో మేలు మొదటి దానికంటే పెద్దది. మాట్ ఉపరితలం దగ్గర్నుంచి చూస్తే చిన్న చిన్న గుంటల మయం. వాష్ చుక్క పడగానే ఆ గుంటలు పొడిని పట్టేసుకుంటాయి, గోడంతా మురికి మరక అవుతుంది. గ్లాస్ ఉపరితలం మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కుంచె మొన ఒక పట్టీ మూలకు తాకిస్తే చాలు, వాష్ దానంతట అది మూల వెంబడి పరుగెత్తుతుంది. చూడ్డానికి తమాషాగా ఉంటుంది. ఈ అభిరుచిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అర నిమిషం అదే.

కాబట్టి గీతలకూ మూలలకూ మాత్రమే వాష్ కావాలంటే గ్లాస్ మీదో, కొంచెమే మెరిసే సాటిన్ మీదో వేయండి. మొత్తం ఛాయ కొంచెం మారాలంటే సాటిన్ మీద ఇంకా పల్చటి కలుపు వేయండి. చక్రాల చట్రం లాంటి చోట అంతా మురికే కావాలి, అక్కడ మాట్ మీదే నేరుగా వేసేయండి. పని ముగిశాక మాట్ వార్నిష్ వేస్తే తళుకు పోతుంది.

నీళ్ల వాష్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. నున్నటి ఉపరితలం మీద అది తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకడుతుంది, ఆరాక బొట్టు అంచున వలయం మిగులుతుంది. ఫ్లో ఇంప్రూవర్ కలిపితే సర్దుకుంటుంది. అది లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్‌లో సూది మొన ముంచి కలిపినంత సరిపోతుంది. ఎక్కువైతే నురగ.

దేనితో చేయాలి?

నన్నడిగితే ఆయిల్ రంగుతో. వాష్ కోసం ప్రత్యేకంగా సీసాలు కొనడం సౌకర్యమే కానీ అవసరం కాదు. స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ ట్యూబులు మూడు చాలు: బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, నలుపు. బఠాణీ గింజంత రంగును అట్టముక్క మీద పిండి కొన్ని గంటలు వదిలేయండి. అట్ట నూనెను పీల్చుకుంటుంది, చుట్టూ జిడ్డు వలయం కనిపిస్తుంది. మిగిలిన ముద్ద తొందరగా ఆరుతుంది, మెరవదు. ఒక వంతు రంగుకు తొమ్మిది పది వంతుల మినరల్ టర్పెంటైన్ కలిపితే వాష్ తయారు. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైన్ కూడా ఆర్ట్ షాపుల్లో ఉంటుంది. దాని ఘాటూ ఎక్కువ, కరిగించే బలమూ ఎక్కువ. బొమ్మల మీద దాని అవసరం లేదు. కిరోసిన్ వద్దే వద్దు. నిదానంగా ఎగురుతుంది, జిడ్డు వదిలిపోతుంది, ఆ జిడ్డు మీద తర్వాతి పూత నిలవదు.

ఆయిల్ వాష్‌ను నేను సమర్థించడానికి కారణం డబ్బు కాదు. అది తప్పును క్షమిస్తుంది. గంట తర్వాత చూసి మరీ నల్లగా ఉందనిపిస్తే, టర్పెంటైన్‌లో ముంచి పిండేసిన కుంచెతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగండి. అదనపు రంగు పోవడమే కాదు, వానకు మసి జారిన చార కూడా ఉచితంగా వస్తుంది. నీళ్ల వాష్ ఒకసారి ఆరితే ఇక బతిమాలినా కదలదు. వాసన పడని ఇంట్లో, చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం నీళ్ల వాషే మంచిది. ఆ మాటా చెప్పాలి.

రెడ్ ఆక్సైడ్ మీద నల్ల వాష్ పెన్నుతో గీసినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నలుపులో సగం బర్న్ట్ అంబర్ కలపండి. ఆకుపచ్చ మీద ముదురు గోధుమ, ఇసుక రంగు మీద మధ్యరకం గోధుమ, బూడిద రంగు మీద నలుపు నడుస్తాయి. తుప్పు వేయడానికి నారింజ రంగు అందుకునే ముందు డోర్నకల్ జంక్షన్‌లో ఒక గంట నిలబడండి. మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి సింగరేణి బొగ్గు వ్యాగన్లు వస్తూనే ఉంటాయి. నారింజ ఛాయ కొత్త తుప్పుది, అది గీతలంత. పాత తుప్పు దాదాపు చాక్లెట్ రంగు. టిప్లర్ యంత్రం వ్యాగన్‌ను పట్టుకుని బోర్లించి బొగ్గు దులుపుతుంది కనుక పై అంచుల దెబ్బలు, లోపలి గోడల ఒరిపిడి వేరుగా ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద చూసింది ఏ సీసా మీదా రాసి ఉండదు.

ఆ లోపలి గోడల కోసం హెయిర్ స్ప్రే పద్ధతి ఉంది. పొత్తు లెక్క తెలిస్తేనే అది పనిచేస్తుంది. అడుగున తుప్పు రంగు ల్యాకర్‌తో వేయాలి, లేదా వార్నిష్‌తో మూసేయాలి. దాని మీద మామూలు హెయిర్ స్ప్రే, దాని మీద ఆక్రిలిక్ పై రంగు. అది ఆరిన కొద్దిసేపటికే గోరువెచ్చని నీళ్లతో తడిపి పొట్టి కుంచెతో గుచ్చితే కింది హెయిర్ స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా లేస్తుంది. పై పూత ఎనామిలో ల్యాకరో అయితే నీళ్లు లోపలికి దిగవు, గుచ్చి గుచ్చి చెయ్యి నొప్పి పుట్టడమే. తమియా ఆక్రిలిక్ సన్నటి పెచ్చులుగా వస్తుంది, వలేహో పొరలా ఊడే గుణం ఎక్కువ. పని కాగానే వార్నిష్ వేయడం మరిచిపోకండి. తర్వాత నీళ్ల వాష్ తగిలిందంటే లోపల మిగిలిన హెయిర్ స్ప్రే మళ్లీ మేలుకుంటుంది.

పైన చల్లే పొడులకు ఇల్లే గని. సుద్ద పాస్టెల్‌ను గరుకు కాగితం మీద రుద్దితే మెత్తటి దుమ్ము వస్తుంది. నిజమైన బొగ్గు నూరి వాడొచ్చు, కానీ సన్నటి గుడ్డలో రెండుసార్లు జల్లించాలి. 1:87లో 0.2 మిల్లీమీటర్ల రేణువంటే 17 మిల్లీమీటర్ల రాయి, గోలీ అంత. పొడి మీద టర్పెంటైన్ చుక్క వదిలితే అక్కడే కూర్చుంటుంది. వార్నిష్ స్ప్రే చేస్తే సగం మాయమవుతుంది.

మన ఎండ, మన వాన

విదేశీ పుస్తకాలు చెప్పని సంగతులు కొన్ని మన ఊళ్లే చెబుతాయి. మే నెల రామగుండంలో ఆక్రిలిక్ కుంచె మీదే ఆరిపోతుంది. రిటార్డర్ చుక్క కలపండి, లేదా ఉదయం ఏడింటిలోపు పని ముగించండి. వానాకాలం విశాఖపట్నంలో ల్యాకర్ స్ప్రే చేస్తే తెల్లటి పొగమంచు పట్టినట్టవుతుంది. తిన్నర్ వేగంగా ఎగిరి ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరై రంగులో చిక్కుకుంటుంది. ఎండ కాసిన రోజున పల్చటి ల్యాకర్ పూత ఇంకొకటి వేస్తే చాలావరకు పోతుంది.

ఆరోగ్యం గురించి ఒక్క మాట. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, తిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. కిటికీ తెరవండి, గ్యాస్ పొయ్యికి దూరంగా కూర్చోండి. అవిసె నూనె రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకునే గుణం వాటికుంది. పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఇంకొకటి, ఇది తెలియక చాలామంది ఏడ్చారు. రంగు వేయని ప్లాస్టిక్‌కు, ముఖ్యంగా బిగువుగా అమర్చిన చోట్ల, ఎనామిల్ వాష్ చేరి గుంటలో నిలిస్తే ప్లాస్టిక్ పెళుసై పుటుక్కున విరుగుతుంది. బండాయ్ గుండం రోబో కిట్లలో వచ్చే ఏబీఎస్ ముక్కలకు ఈ గండం మరీ ఎక్కువ. ప్రైమర్‌తోనో వార్నిష్‌తోనో మూసిన చోటే వాష్ వేయండి, మూలల్లో మడుగు కట్టనివ్వకండి.

ఇంత చదివినా కొత్త సీసా కొత్త సీసాయే. తయారీదారు బంక మార్చొచ్చు, మీ తిన్నర్ వేరే బ్యాచ్‌ది కావచ్చు. ముందు పనికిరాని ముక్క మీద మీ పొరలన్నీ అదే వరసలో వేసి, ఒక రాత్రి ఆగి, గోరుతో గీకి చూడండి. ఇదివరకు తెల్ల ప్లాస్టిక్ స్పూన్లు వాడేవాళ్లం. 2022 జులై 1 నుంచి అవి నిషేధం కనుక, కిట్ ముక్కలు కోశాక మిగిలే ఫ్రేము కాడలు దాచుకోండి. ఒక్కో కాడకు చీటీ కట్టి ఏ రంగు, ఏ వార్నిష్, ఏ వాష్, ఎన్ని గంటల విరామం అన్నది రాయండి.

ముడత పడ్డ నా వ్యాగన్‌ను పారేయలేదు. ఇంట్లోకి కొత్త సీసా ఏది వచ్చినా ముందు దాని మీదే పడుతుంది. ఎడమ గోడ ఎప్పుడో నిండిపోయింది, ఈ మధ్యే కుడి గోడ మొదలుపెట్టాను.